నేను దాచిపెట్టిన ఇంటూ మార్కు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను గెలవను. మొదట్లో కాసేపు గెలిచినట్టు కనిపిస్తాను. ఆ వైభవాన్ని అక్కడికక్కడే చూసేయండి, తర్వాత వెతికినా దొరకదు. కుప్పం బస్టాండు పక్కన, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, నా చేత్తో నేనే చేసిన తలుపుకి గడియ ఎక్కడుందో నాకే తెలియక తడుముకున్న రోజు అది. నవ్వండి, ఏమీ అనుకోను. ఆ రోజు కుప్పం నవ్విన నవ్వు ముందు మీ నవ్వు ఏపాటిది!

మూడేళ్ళ కిందటి మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఊరు పుంగనూరు, ఉద్యోగం మదనపల్లెలో. బెంగళూరు రోడ్డు మీద ట్రాక్టరు సామాన్ల అంగడి ఒకటుంటే, దాని పైన రెండో అంతస్తులో మా కంపెనీ. కంపెనీ అనగానే ఏదో ఊహించుకోకండి, మేం ముగ్గురమే. యజమాని శేఖర్ సార్, కోడ్ రాసే భారతి, తెరలు గీసే నేను. తెరలంటే ఫోన్లో కనిపించేవి. ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి, ఇదంతా నా పని. కార్డు మీద డిజైనర్ అని అచ్చు వేయించుకున్నాను. మా అమ్మ ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "జాకెట్లు కూడా కుడతావా నాయనా?" అని అడిగింది.

మా యాప్ పేరు 'గడువు'. ఈ రోజుల్లో మన డబ్బు మనకు చెప్పకుండానే వెళ్ళిపోతూ ఉంటుంది కదా. ఎప్పుడో ఒక సినిమా కోసం కట్టిన చందా, పొరపాటున నొక్కిన కాలర్ ట్యూన్, మనవడు ఆడి వదిలేసిన ఆట. నెల తిరిగేసరికి ఠంచనుగా కట్ అవుతుంటాయి. అవన్నీ ఒకచోట చూపించి, ఇది కావాలా వద్దా అని అడిగి, వద్దంటే ఆపించే యాప్ మాది. మంచి పనే. ఇప్పటికీ ఎవరడిగినా మంచి పనే అని చెబుతాను. ఆ మంచి పనికి గుమ్మం కట్టే బాధ్యత నాకు అప్పగించారు, అక్కడ వచ్చింది చిక్కు.

గుమ్మం అంటే, కొత్తగా వచ్చిన మనిషిని పలకరించి లోపలికి తీసుకెళ్ళే తెరలు. మా వృత్తిలో ఆన్‌బోర్డింగ్ అంటారు. వాటి చివర 'ముందు డబ్బు కట్టు' అని అడ్డం నిలబడే తెర ఒకటి ఉంటుంది, దాని పేరు పేవాల్. నేను రెండు వారాలు కూర్చుని ఈ విద్య మీద దొరికిన వీడియోలన్నీ చూసేశాను. చూసేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. మనుషుల మనసు నాకు అరచేతిలో గీతల్లా కనిపించడం మొదలైంది. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా మా అమ్మ నన్ను ఏ ఉద్దేశంతో ఇంకో గరిటె తినమంటోందా అని అనుమానంగా చూసేవాణ్ణి.

మొదట పద్నాలుగు ప్రశ్నలు పెట్టాను. మీ పేరు? మీ ఊరు? మా దగ్గరికి ఎలా వచ్చారు? డబ్బు గురించి వారానికి ఎన్నిసార్లు బెంగ పడతారు? ఇన్నిటికి జవాబు చెప్పినవాడికి వెనక్కి పోబుద్ధి కాదని వీడియోలో ఎవరో చెప్పారు. ఆ తర్వాత పేవాల్. తెల్లటి తెర మధ్యలో అరచేయంత పచ్చ బటన్, దాని మీద 'ముందుకు' అన్న ఒక్క మాట. కింద చీమలు పాకినట్టు సన్నని అక్షరాలు: 'ఏడు రోజులు ఉచితం. తర్వాత ఏడాదికి రూ. 999 మీ ఖాతా నుంచి దానంతట అదే కట్ అవుతుంది.' డబ్బు కట్టకుండా ఉచితంగానే వాడుకోవాలంటే పైన మూల ఇంటూ మార్కు నొక్కాలి. ఆ మార్కుని నేను తెలుపు మీద, తెలుపుకన్నా ఒక్క పిసరు ముదురు రంగులో వేశాను. అది కూడా పది సెకన్లు ఆగాక వచ్చేలా పెట్టాను.

భారతి చూసింది. ఆ అమ్మాయిది కురబలకోట. ఏ విషయమైనా ఐదున్నర బస్సుకి ముందే తేల్చేసే రకం.

"గిరీ, ఇంటూ మార్కు యాడుండాది? నాకు కనపడలా."

"కనపడకూడదు. అదే డిజైన్."

"కనపడకుంటే పెట్టిండేది యాల?"

"పెట్టకుంటే తప్పు కదా. రూల్సు ఉంటాయి."

"దాచిపెడితే ఒప్పా?"

"నీకు మనుషుల సైకాలజీ తెల్దు భారతీ."

"నాకు తెల్సిండేది బస్సు టైము. పోయొస్తా, నువ్వు సైకాలజీ సూసుకో" అని బ్యాగు భుజానేసుకుని దిగిపోయింది.

అంతటితో ఆగానా? ఆగలేదు. చేరినవాడు మానుకోవాలంటే ఏం చేయాలో కూడా నేనే గీశాను. రద్దుకి ఏడు తెరలు. ఒకదాంట్లో కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్న కుక్కపిల్ల బొమ్మ, కింద 'నిజంగానే వెళ్ళిపోతారా?' అన్న ప్రశ్న. ఇంకోదాంట్లో ఎందుకు వెళ్తున్నారో కారణం, కనీసం ఇరవై అక్షరాలకు తగ్గకుండా రాయాలి. ప్రతి తెర మీదా బొటనవేలు సహజంగా పడే చోట పచ్చగా 'ఉండిపోతాను', దూరంగా మూల బూడిద రంగులో 'రద్దు'. శేఖర్ సార్ కుక్కపిల్లని చూసి, "అబ్బా, నాకే ఏడుపొస్తాంది గిరీ!" అని భుజం తట్టారు. వైభవం అన్నాను చూడండి, అది ఇక్కడుంది.

యాప్ బయటికి వదిలాం. మొదటి రెండు వారాలు మదనపల్లెలో ఐదుగురు చేరారు, పుంగనూరులో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మా బావ, ఆయన మా అక్క భయంతో చేరాడు. మూడో వారం ఆదివారం గడిచి సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి, శేఖర్ సార్ కుర్చీలో కూర్చోలేక నిలబడి ఉన్నారు.

"గిరీ! కుప్పంలో ఒక్కరోజే నలభై మూడు మంది! నలభై మూడుకి నలభై మూడు మందీ పచ్చ బటనే నొక్కినారు! ఇంటూ మార్కు నొక్కినోడు ఒక్కడు లేడు!"

"ఎట్ల సార్?"

"ఎట్ల అంటావేంది? నీ డిజైనప్పా!"

వాళ్ళలో నలభై రెండు మంది 'ఎలా వచ్చారు' అన్న ప్రశ్నకి ఒకటే జవాబు రాశారు: మునిరత్నమ్మ అంగడి, కుప్పం బస్టాండు. ఒక్కరు మాత్రం 'నడిచి' అని రాశారు. "ఈ మునిరత్నమ్మ ఎవురో పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్ అయింటాది" అని సార్ తేల్చారు. మా యాప్ మీద పెట్టుబడి పెట్టే ఆలోచనలో ఉన్న బెంగళూరు వాళ్ళకి అప్పటికప్పుడు ఫోన్ చేసి, మా దగ్గర ఒక మేధావి ఉన్నాడని చెప్పేశారు. మేధావిని నేనే. నాకు ఆదివారం పని పడింది. కుప్పం పోయి, సంతోషంగా ఉన్న కస్టమర్లని వీడియో తీసుకురావాలి.

ఆదివారం పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని, కెమెరా స్టాండు చంకలో పెట్టుకుని, పుంగనూరులో బస్సెక్కాను. పలమనేరు దాటేదాకా కుప్పం జనం నాకు దండ వేస్తారా, శాలువా కప్పుతారా అని ఆలోచించాను. వి.కోట దగ్గరికి వచ్చేసరికి రెండూ అయితే చొక్కా నలుగుతుందేమోనన్న దిగులు పట్టుకుంది.

మునిరత్నమ్మ అంగడి వెతకనక్కర్లేకపోయింది. బస్టాండు పక్కన రీఛార్జి, జిరాక్సు, లామినేషను చేసే సన్నటి గది. నలభై ఐదేళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. షట్టరు మీద స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం: 'మీ దుడ్లు ఎవరు తింటా ఉండారో ఇచ్చట చూసి చెప్పబడును.'

"అక్కా, నేను గడువు యాప్ నుంచి వస్తాండాను."

"అయ్యో, రాప్పా రా! కూర్చో. సోడా తాగు. ఎంత మంచి యాప్ చేసినారప్పా! మా చెన్నప్ప తాత ఫోన్లో రెండేండ్లుగా ఏదో పాటకి దుడ్లు కట్ అవతా ఉండాయి. ఆయప్పకి పాటుండేదే తెల్దు. నీ యాప్‌లోనే బయటపడింది."

నాకు ఒళ్ళు పులకరించింది. కెమెరా స్టాండు విప్పుతూ అసలు కిటుకు అడిగాను.

"నలభై మూడు మందిని ఎట్ల చేర్పించినావక్కా?"

"నేనే నొక్కినా. ఈళ్ళంతా శాంతిపురం పక్క పల్లెలోళ్ళు. రాళ్ళ పనికో, గార్మెంట్సుకో బెంగళూరు పోతారు, ఆదివారం ఇంటికాడుంటారు. ఫోన్లో ఏ పని పడినా నా దగ్గిరికే. అంతా నేనే నొక్కతా. పిన్ను మాత్రం వాళ్ళనే కొట్టుకోమని మొగం పక్కకి తిప్పుకుంటా."

"మరి ఆ చివరి తెర?"

"పచ్చ బటన్ కదా? ముందుకు అని ఉండాది. ముందుకు పోవాల కదా అని నొక్కినా. పిన్ను అడిగింది, కొట్టించినా."

నా చేతిలో స్టాండు అలాగే ఆగిపోయింది. "దాని కింద సన్నక్షరాలు..." అన్నాను.

"ఏం సన్నక్షరాలు?"

ఆమె కళ్ళద్దాలు కిందికి దించుకుని, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. కట్ అవుతుంది అన్న దగ్గర ఆగింది. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"అంటే రేపు తెల్లారి పోతాయి."

నేను సోడా కింద పెట్టేశాను.

"అప్పా, మీకు ఈ వెయ్యి రూపాయలు ఎంతో నాకు తెల్దు. మావోళ్ళకి అది రెండు దినాల కూలి. నిన్నెవురూ అడగరు. నీ యాప్ పేరు గుడకా వాళ్ళకి తెల్దు. వాళ్ళు పిన్ను కొట్టింది నా మొగం సూసి. పదైదేండ్ల నుంచి ఈ స్టూలు మీద కూర్చోనుండా. రేపు దుడ్లు పోతే, తినిండేది నేనే అంటారు."

కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె మామూలుగా, గ్యాస్ ఎప్పుడొస్తుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. తర్వాత లేచి వెళ్ళి షట్టరు మీద కాగితం మెల్లగా పీకేసింది. అది చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు మీరొక మాట అడగాలి. 'ఒరే, ఆఫీసుకి ఫోన్ చేయొచ్చు కదరా?' అని. చేయొచ్చు. కానీ ఆఫీసులో నేను మేధావిని. ఆ పదవి వచ్చి ఆరు రోజులే అయింది. దాన్ని అంత తొందరగా పోగొట్టుకోవడం ఇష్టం లేక, ఛాతీ విరిచి, "అక్కా, సాయంత్రం బెంగళూరు రైలు పోయేలోపల నలభై మూడు ఫోన్లూ నేనే రద్దు చేస్తా" అని మాటిచ్చేశాను. రద్దుకి ఏడు తెరలున్నాయన్న సంగతి మాట ఇచ్చాక గుర్తొచ్చింది.

మునిరత్నమ్మక్క అందరికీ ఫోన్లు చేసింది. గంటలో జనం వచ్చి వరసలో నిలబడ్డారు. ఆమె అంగడి మెట్టెక్కి అందరికీ నన్ను పరిచయం చేసింది. ఏం చెబుతుందోనని నా ప్రాణం గిలగిలలాడింది.

"ఈయప్ప మదనపల్లె ఆఫీసు నుంచి వచ్చినాడు. పోయినవారం మనం ఏసుకున్న యాప్‌లో ఏదో తప్పు పడిందంట. మన దుడ్లు పోకుండా సరిచేసేదానికి, ఆదివారమని గుడకా సూడకుండా మనకోసం వచ్చినాడు."

జనం నా వైపు చూసిన చూపులో ఎంత మర్యాద ఉందో! చంకలో కెమెరా స్టాండు పెట్టుకుని, వీడియో తీయడానికి వచ్చిన వెధవని నేను. ఒకాయన నాకు కుర్చీ తుడిచి వేశాడు.

మొదటి ఫోను చెన్నప్ప తాతది. అద్దం పగిలి ఉంది, మీద ఎండ పడుతోంది. యాప్ తెరవగానే ఇంకో పేవాల్ ఎదురైంది. చేరినవాళ్ళని ఊరికే వదలకూడదని 'కుటుంబ ప్యాకేజీ' కూడా కొనమని అడిగే తెర అది, నా ఐడియానే. అది దాటాలంటే ఇంటూ మార్కు నొక్కాలి. ఫోను అటు వంచి, ఇటు వంచి, కొంగలా మెడ చాచి చూశాను. కనపడలేదు.

"ఏం ఎతకతా ఉండావప్పా?"

"ఇంటూ మార్కు తాతా. పది సెకండ్లు ఆగితే వస్తాది."

"పదేనా? ఒకటి... రెండు..." అని తాత లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెనకాల వరసంతా గొంతు కలిపింది. బడిలో ఎక్కాలు చెప్పినట్టు పది దాకా వచ్చారు. ఇంటూ మార్కు వచ్చే ఉంటుంది, కానీ ఆ ఎండలో ఎవడికి కనపడుతుంది? మునిరత్నమ్మక్క లోపలికి వెళ్ళి నల్ల గొడుగు తెచ్చి నా నెత్తిన పట్టింది. ఆ నీడలో, పగుళ్ళ మధ్య, వెంట్రుకంత సన్నగా కనిపించింది. అంత అందంగా దాచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాత కుక్కపిల్ల.

"అయ్యో, ఇది యాల ఏడస్తాంది?" అంది ఒకామె.

"పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదేమో" అంది ఇంకొకామె.

"ఇంతకీ ఎవురిదప్పా ఆ కుక్క?"

"కంపెనీది" అన్నాను తల ఎత్తకుండా.

తర్వాత కారణం. నేను 'వద్దు' అని కొట్టాను. 'దయచేసి ఇంకా వివరంగా చెప్పండి' అంది యాప్. 'వద్దంటే వద్దు' అని కొట్టాను. ఇంకా వివరంగా చెప్పమంది.

"వద్దంటే సాలదా మీ యాప్‌కి?" అంది మునిరత్నమ్మక్క గొడుగు కింద నుంచి. "ఇట్ల రాయి: నాకు తెలీకుండా నొక్కినాను, నన్ను ఇడిసిపెట్టండి."

అక్షరాలు సరిపోయాయి. ఆ వాక్యాన్ని ఆ రోజు నలభై మూడుసార్లు రాశాను. పదోసారికి నా గురించే రాస్తున్నట్టు అనిపించడం మొదలైంది.

ఇంక చివరి తెర. ఇక్కడే పప్పులో కాలేశాను. బొటనవేలు ఎక్కడ సహజంగా పడుతుందో కనిపెట్టి పచ్చ బటన్ పెట్టింది నేనే కదా. ఆ బొటనవేలు నాకూ ఉంది. పడింది. తెర మీద పూలు కురిశాయి. 'స్వాగతం! మీరు ఉండిపోయినందుకు ధన్యవాదాలు!'

"అయిపాయనా?" అన్నాడు తాత.

"లేదు తాతా, మళ్ళా చేరినారు."

"ఎవురు?"

"మీరే."

"నేను ఈడనే కదా నిలబడుండా?"

వరసంతా పగలబడి నవ్వింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ పది అంకెలు, మళ్ళీ కుక్కపిల్ల. ఒక ఫోనుకి నాలుగైదు నిమిషాలు పట్టింది. పదిహేనో ఫోను దగ్గర శేఖర్ సార్ ఫోన్ చేశారు.

"గిరీ, హ్యాపీ కస్టమర్లు దొరికినారా?"

"దొరికినారు సార్. క్యూలో ఉండారు."

"క్యూనా! వీడియో తీస్తాండావు కదా?"

"చేతులు ఖాళీ లేవు సార్."

"ఒక్కర్నన్నా మాట్లాడించు, వాళ్ళ సంతోషం నేను ఇనాల."

పక్కనే ఉన్న చెన్నప్ప తాతకి ఇవ్వక తప్పలేదు. తాత నోరారా చెప్పాడు: "మీ పిల్లోడు బంగారం సార్! పొద్దున్నుంచి ఎండలో నిలబడి మమ్మల్నందర్నీ ఇడిపిస్తాండాడు."

"ఇడిపిస్తాండాడా? దేన్నించి?"

ఫోను లాక్కుని, సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

రెండు గంటలకి జనంలో ఓపిక తగ్గి, మాటలు నా వృత్తి మీదికి మళ్ళాయి. "ఇంటూ మార్కు ఇట్ల దాచిపెట్టినోడు ఎవుడో గాని..." అని మొదలుపెట్టి, వాణ్ణి ఏం చేయాలో తలా ఒక మాట అన్నారు. ఒకతను క్వారీలో పనిచేస్తాడు, అతని సలహాలో రాళ్ళు కూడా ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి. ఒక్క మాట అంటే చాలు, మునిరత్నమ్మక్క నన్ను చూపించేయొచ్చు. చూపిస్తే ఆమె మీద నింద కూడా ఉండదు. ఆమె గొడుగు చేయి మార్చుకుని, "పాపం, ఎవురో సిన్నపిల్లోడయింటాడు లేప్పా. నేర్సుకుంటాడు" అంది.

నేను తల ఇంకా కిందికి వంచుకున్నాను. ఆ ఫోను తెర మీద పడ్డ చుక్క చెమటదని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. ఆ తర్వాత ఆమె స్టీలు డబ్బాలో చిత్రాన్నం తెచ్చి పక్కన పెట్టింది. నేను కుడిచేత్తో రద్దు చేస్తూ, ఎడమచేత్తో తిన్నాను. మా అమ్మ చూసి ఉంటే ఆ ఎడమచేతికే ముందు దెబ్బ పడేది.

నాలుగు దాటేసరికి నలభై రెండు అయ్యాయి. ఒక్కటి మిగిలింది. లక్ష్మక్క అని గార్మెంట్సులో పనిచేసే ఆమె, అంగడికి రాకుండా ఊరి నుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళిపోయిందట. మునిరత్నమ్మక్క షట్టరు దించి, టీవీఎస్ బండి తీసి, "ఎక్కు" అంది. నేను గొడుగుతో సహా ఎక్కాను.

ప్లాట్‌ఫారం మీద రైలు నిలబడి ఉంది. కిటికీ కిటికీకీ "లక్ష్మక్కా! లక్ష్మక్కా!" అని అరుస్తూ పోయాం. నాలుగో పెట్టెలో దొరికింది. కిటికీలోంచి ఫోను అందుకున్నాను. ఒకటి, రెండు, మూడు... పది. ఇంటూ. కుక్కపిల్ల. నాకు తెలీకుండా నొక్కినాను. రైలు కూత వేసింది. నన్ను ఇడిసిపెట్టండి. రైలు కదిలింది. నేను పక్కనే నడుస్తున్నాను. బొటనవేలు జేబులో పెట్టుకుని చూపుడువేలితో, ఊపిరి బిగబట్టి, బూడిద రంగు బటన్ నొక్కాను. రద్దయింది! ఫోను వెనక్కి ఇద్దామనుకుంటే ఇంకో తెర: 'మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' ఇవ్వకుండా కదలనీయదు, అది కూడా నేనే పెట్టాను. పరిగెడుతూనే నా యాప్‌కి నేను ఒక్క నక్షత్రం ఇచ్చి, ఫోను కిటికీలో పడేశాను.

"ఏమైందప్పా?" అని అరిచింది లక్ష్మక్క దూరమవుతూ.

"ఏం లేదు! పొయ్యిరా పో, బద్రం!" అని చేయి ఊపింది మునిరత్నమ్మక్క.

స్టేషను బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఉండబట్టలేక అడిగాను. "అక్కా, పొద్దున్నుంచి ఒక్క మాట అనలేదేంది నన్ను?"

"అంటే నీ చెయ్యి వణుకుతాది. వణికితే పోయి పచ్చ బటన్ మీద పడతాది. అందుకని గమ్మునుండా." టీ గ్లాసు కింద పెట్టింది. "ఇప్పుడు అందరిదీ అయిపాయ కదా. ఇంక కూర్చో, చెప్తా."

చెప్పింది. రెండో టీ అయిపోయేదాకా చెప్పింది. ఆ తిట్లు ఇక్కడ రాయను, అవి నా సొంతం. తిట్టడం అయ్యాక నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, టీ కొట్టులో దొరికిన కాగితం ముక్క మీద ఒక తెర గీసింది. పైన పెద్దక్షరాలతో ఎంత కట్ అవుతుందో, ఏ రోజు కట్ అవుతుందో. కింద పక్కపక్కనే, ఒకే సైజులో రెండు బటన్లు: 'కావాల', 'వద్దు'.

"నా అంగట్లో గుడకా వద్దని పోతా ఉంటారప్పా. పోనీలే అంటా. వాళ్ళే మళ్ళా వస్తారు."

రెండేళ్ళు కాలేజీలో, రెండు వారాలు వీడియోల్లో నేర్చుకోలేనిది ఆ కాగితం ముక్క మీద ఉంది. ఆ రోజు ఆమె ఆ స్టూలు మీద లేకపోయి ఉంటే నేను ఇంకా పెద్ద ఊళ్ళలో, ఇంకా పెద్ద తెరల మీద ఇంకా నైపుణ్యంగా దాస్తూ ఉండేవాణ్ణి, మేధావినని అనుకుంటూ.

మర్నాడు ఆఫీసులో అంతా ఒప్పేసుకున్నాను. శేఖర్ సార్ కుర్చీలో కూలబడ్డారు. చివరికి, "బెంగళూరోళ్ళకి నేను చెప్పుకుంటా. నువ్వు ముందు ఆ ఇంటూ మార్కు నల్లగా చెయ్యి" అన్నారు. ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆయనకి నేను ఋణపడి ఉన్నాను.

భారతి మాత్రం కుర్చీ నా వైపు తిప్పుకుని, కళ్ళార్పకుండా చూసింది.

"నలభై మూడు ఫోన్లు? ఒక్కొక్కటీ?"

"ఊఁ."

"చేత్తోనా?"

"చేత్తోనే."

"గిరీ, ఈడ నా కంప్యూటర్లో ఒక బటన్ ఉండాది. ఊరి పేరు కొట్టి నొక్కితే ఆ ఊర్లో అందరివీ ఒకేసారి ఆగిపోతాయి. రెండు సెకండ్ల పని. నాకు ఒక్క ఫోన్ చేసింటే అయిపోయిండేది కదప్పా!"

"ఇన్నాళ్ళూ నాకు కనపడలేదే? యాడుండాది?" అన్నాను.

భారతి తెర నా వైపు తిప్పింది. సరిగ్గా మధ్యలో, ఎర్రగా, అరచేయంత ఉంది.

"నాకు దాచిపెట్టేది రాదు కదా, కనపడేలాగ పెట్టుకున్నా. నువ్వెప్పుడు ఇటుపక్క సూసినావు?"

కాబట్టి పాఠక మహాశయులారా, పుంగనూరు వాస్తవ్యుడనైన గిరి అనబడే నేను, ఆరోగ్యంగా, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను గీసే ఏ తెర అయినా ముందు కుప్పం వెళ్ళి మునిరత్నమ్మక్క చేత నొక్కించుకున్నాకే మదనపల్లె ముఖం చూస్తుంది. ఏ మనిషి 'వద్దు' అన్నా ఎందుకని అడగను, ఇరవై అక్షరాలు కాదు కదా, ఒక్క అక్షరం కూడా రాయమనను. ఏ కుక్కపిల్లనీ ఏడిపించను. ఈ ప్రమాణానికి ఏడు రోజుల ఉచిత ట్రయల్ లేదు, మొదటిరోజు నుంచే పూర్తిగా అమల్లోకి వస్తుంది, నేను బతికున్నంతకాలం ఏటా దానంతట అదే రెన్యువల్ అవుతుంది. రద్దు చేసుకునే ఏర్పాటు మాత్రం పెట్టలేదు. నా గురించి నాకు తెలుసు, పెట్టి ఉంటే ఎక్కడుందో నేను ఇట్టే కనిపెట్టేవాణ్ణి.